స్కీయింగ్‌కి కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్: క్లెయిమ్ డబ్బు వచ్చాక రాస్తున్న రివ్యూ

మాది కోనసీమ, కొత్తపేట దగ్గర పల్లె. కొబ్బరి తోట, కొంచెం అరటి, ఇంటి తిండికి సరిపడా వరి. మంచు అంటే మాకు ధనుర్మాసం తెల్లవారుజామున కాలవ గట్టు మీద కమ్ముకునే పొగమంచే. మా మరిదికి మ్యూనిక్‌లో ఉద్యోగం. "వదినా, క్రిస్మస్ సెలవులకి అందరూ రండి, ఇక్కణ్ణుంచి ఆస్ట్రియా వెళ్దాం, పిల్లకి స్కీయింగ్ నేర్పిద్దాం" అని రెండేళ్ల నుంచి పోరుతున్నాడు. స్కీయింగ్ అంటే కాళ్లకి స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు వాలు మీద జారే ఆట. మొత్తానికి మొన్న డిసెంబరులో నేను, మా ఆయన, డిగ్రీ చదివే మా అమ్మాయి, మా అత్తగారు వెళ్లొచ్చాం. ఆ ప్రయాణానికి కొన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ గురించే ఈ రివ్యూ. అమ్మాయికి మోకాలి దగ్గర దెబ్బ తగిలింది, క్లెయిమ్ పెట్టాం, డబ్బు కూడా వచ్చింది. అయినా ఐదుకి మూడున్నరే ఇస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఏ కంపెనీ అన్నదానికంటే పాలసీ కాగితంలో ఏం రాశారన్నదే మమ్మల్ని కాపాడింది, అదే కాస్తలో ముంచేసేది కూడా.

నిజానికి మేం మొదట కొన్నది ఇది కాదు. వీసా పనులన్నీ టౌన్లో ఒక ట్రావెల్ ఏజెంటుకి అప్పజెప్పాం. "ఆయ్, ఇన్సూరెన్స్ కూడా మేమే కట్టేస్తామండి, మీరు ఫొటోలు, పాస్‌పోర్టులు ఇవ్వండి చాలు" అన్నాడు. నలుగురికీ కలిపి 3,200 తీసుకుని, మర్నాటికల్లా రంగు ప్రింటు చేతిలో పెట్టాడు. వీసా వరకు ఆ కాగితానికి వంక పెట్టడానికి లేదు. షెంగెన్ వీసాకి, అంటే ఒకే వీసాతో చాలా ఐరోపా దేశాలు తిరగనిచ్చేదానికి, కనీసం 30,000 యూరోల వైద్య కవరేజి ఉండాలి, అంటే మన లెక్కలో సుమారు 30 లక్షలు. అది షెంగెన్ దేశాలన్నిటిలో చెల్లాలి, అత్యవసర చికిత్సకీ, మనిషిని స్వదేశానికి తీసుకురావడానికీ పనికిరావాలి. అవన్నీ అందులో ఉన్నాయి. నేనూ అంతటితో నిశ్చింతగా ఉండిపోయేదాన్నే.

ఆ సాయంత్రమే మా తోటలో దింపు తీసే ఆయన డబ్బుల కోసం వచ్చాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ల కేర సురక్ష పాలసీ ఉందాయనకి, దాన్ని రెన్యువల్ చేయించాలి, కాస్త చూడండమ్మా అని కాగితం ఇచ్చాడు. చెట్టెక్కి కాయలు దింపే వాళ్లకి జరిగే ప్రమాదాల కోసమే పెట్టిన పాలసీ అది. ఆయన చేసే పని పేరు కాగితం మీద స్పష్టంగా ఉంది. అది చదువుతుంటే నాకు ఒక్కసారి తట్టింది, మరి మేం చేయబోయే పని పేరు మా కాగితంలో ఉందా?

రాత్రి భోజనాలయ్యాక కంపెనీ వెబ్‌సైటులోంచి పూర్తి పాలసీ పత్రం దింపుకుని కూర్చున్నాను. ఏజెంటు ఇచ్చింది రెండు పేజీల సర్టిఫికెట్. అసలు పత్రం ముప్పై పేజీల పైనే ఉంది. ఏమేం ఇవ్వరో చెప్పే భాగం చివరి పేజీల్లో ఉంది. అక్కడ ఒకే వాక్యంలో పారాగ్లైడింగ్, రాఫ్టింగ్, స్కూబా డైవింగ్, పర్వతారోహణ, వాటి మధ్యలో స్కీయింగ్. అంత చిన్న అక్షరాల్లో ఆ ఒక్క మాట. మేం విమానం ఎక్కేదే ఆ పని కోసం, దానికే డబ్బు ఇవ్వరట. విమానంలో సూట్‌కేసు పోతే ఇస్తారు, మ్యూనిక్‌లో జ్వరం వస్తే ఇస్తారు, మంచు మీద కాలు విరిగితే మాత్రం అంతా మా చేతి చమురే.

పొద్దున్నే ఏజెంటుకి ఫోన్ చేశాను. ఆయన ఇచ్చిన సలహా మీరూ వినాలి, చాలామందికి ఇదే చెప్తున్నారని తర్వాత తెలిసింది కాబట్టి. "స్కీయింగ్ అని మీరు చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుందండి, రోడ్డు మీద జారిపడ్డాం అనండి" అన్నాడు. అలా కుదరదు. స్కీ వాలు మీద దెబ్బ తగిలితే వచ్చి తీసుకెళ్లేది అక్కడి రెస్క్యూ సిబ్బంది, ఏ వాలు, ఎన్ని గంటలకు, ఎలా పడ్డారు అని వాళ్లు కాగితం రాస్తారు, డాక్టరు రిపోర్టులోనూ అదే ఉంటుంది. అబద్ధం చెప్తే ఆ క్లెయిమ్ పోవడమే కాకుండా మోసం కిందకి వస్తుంది. నాకు చాలా కోపం వచ్చింది. ప్రాణం మీదకొచ్చే విషయాన్ని అంత తేలిగ్గా మాట్లాడటం నచ్చలేదు. వీసా ఫైలు ఇంకా వెళ్లలేదు కాబట్టి ఆ పాలసీ రద్దు చేయించాను. రద్దు ఖర్చుల కింద కొంత పట్టుకున్నారు, పట్టుకోనీ అనుకున్నాను.

తర్వాత నాలుగు రోజులు రాత్రిపూట ఇదే పని. మూడు కంపెనీల పూర్తి పత్రాలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. వైద్య కవరేజి లక్ష డాలర్లా, రెండున్నర లక్షలా అన్నది ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో వేస్తారు గానీ, స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లు ముందు చూడాల్సింది అడ్వెంచర్ స్పోర్ట్స్ అనే అదనపు కవర్ ఉందా, ఉంటే అందులో స్కీయింగ్ పేరు పెట్టి ఉందా, ఎలాంటి స్కీయింగ్‌కి అని. చాలావాటిలో పోటీలకి, ఫీజు తీసుకుని ఆడే వాళ్లకి, గుర్తు పెట్టిన వాలు దాటి బయట మంచులో జారేవాళ్లకి కవర్ ఉండదు. ఐరోపాలో ఈ వాలుల్ని పిస్ట్ అంటారు. తేలికవాటికి నీలం రంగు, మధ్యరకానికి ఎరుపు, కష్టమైనవాటికి నలుపు. తాడు కట్టి మూసేసిన పిస్ట్‌లోకి వెళ్లినా అంతే సంగతులు. మందు తాగి పడితే దాదాపు ఎవరూ ఇవ్వరు. కొండ మీద ప్రతి హోటల్లోనూ మధ్యాహ్నం వేడి వేడి వైన్ అమ్ముతుంటారు, చలికి మన మగవాళ్లు ఒక గ్లాసేగా అనుకుంటారు. సాయంత్రం చివరి వాలు దిగి కిందికొచ్చేదాకా ముట్టొద్దని మా ఆయనకి, మరిదికి గట్టిగా చెప్పాను, వాళ్లు మాట నిలబెట్టుకున్నారు.

ఇక కొండ మీంచి కిందికి దింపే ఖర్చు. అంబులెన్సు అని రాసి ఉంటే అది రోడ్డు అంబులెన్సుకే పరిమితమా, కొండ మీది రెస్క్యూకీ హెలికాప్టరుకీ కూడానా అని చూడాలి. ఆస్ట్రియాలో స్కీయింగ్ లాంటి సరదా ప్రమాదాలకి హెలికాప్టరు వస్తే, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్న స్థానికులకి కూడా సాధారణంగా బిల్లు వాళ్ల చేతికే వస్తుంది. ఆ బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. ఈ సంగతి మా మరిది చెప్పాడు, వాడి ఆఫీసులో ఒకాయనకి అలా బిల్లు వచ్చిందట. స్విట్జర్లాండ్ వెళ్లేవాళ్లదీ ఇదే గొడవ. అక్కడ 1414 కి ఫోన్ చేస్తే వచ్చే రేగా హెలికాప్టర్లు 1952 నుంచి కొండల్లో సేవ చేస్తున్నాయి, చాలా మంచి సంస్థ, కానీ ఖర్చు మాత్రం మన ఇన్సూరెన్సే భరించాలి.

ఇంకొకటి, మనవాళ్లు అసలు ఆలోచించనిది. మనం పడటం సరే, మనం వెళ్లి ఇంకొకర్ని గుద్దితే? అంతర్జాతీయ స్కీ సమాఖ్య వాళ్ల పది నియమాలున్నాయి. వెనక నుంచి వచ్చేవాడే ముందున్నవాళ్లకి ప్రమాదం లేకుండా దారి చూసుకోవాలి అనేది అందులో ఒకటి, ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చేటప్పుడు అక్కడ దీన్నే చూస్తారు. అవతలి మనిషి ఆసుపత్రి ఖర్చు, జీతం నష్టం మన మీద పడితే తోటలు అమ్ముకోవాలి. అందుకే ఆ నష్టం భరించే థర్డ్ పార్టీ లయబిలిటీ కవర్ ఉండాలి, అది స్కీయింగ్‌కీ వర్తించాలి. ఇటలీలో అయితే 2022 జనవరి నుంచి ఇది లేకుండా స్కీ వాలు మీదికి రానివ్వకూడదని చట్టమే ఉంది, లేనివాళ్లకి స్కీ పాస్ (వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టుల టికెట్టు) కొనే కౌంటర్లోనే అమ్ముతారు. మా మరిది మొదట ఇటలీ వైపే వెళ్దామన్నాడు, అప్పుడు తెలిసింది ఇది.

మా అత్తగారి కాగితం విడిగా తీసుకున్నాం. ఆవిడ మంచు మీదికి రారు, మ్యూనిక్‌లో మా తోడికోడలు దగ్గరే ఉంటారు. కానీ షుగరు, బీపీ ఉన్నాయి, అవి దాచకుండా రాయించాను. ముందునుంచే ఉన్న జబ్బులకి చాలా ట్రావెల్ పాలసీలు ప్రాణాపాయం ఉంటేనే ఇస్తాయి. కొన్నిటిలో 60 దాటినవాళ్లకి ఆసుపత్రి గదికి ఇంత, ఆపరేషనుకి ఇంత అని విడివిడిగా పరిమితులు పెడతారు. పైన రెండు లక్షల డాలర్లని ఉన్నా లోపల గీతలు వేరు.

చివరికి ఎంచుకున్న పాలసీ, అడ్వెంచర్ కవర్‌తో కలిపి, మా ముగ్గురికి 5,700 అయింది. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "శిక్షణ పొందిన నిపుణుడి పర్యవేక్షణలో" చేసే స్కీయింగ్‌కి అని ఉంది. అంటే అమ్మాయి క్లాసు అయ్యాక బాబాయితో కలిసి సరదాగా జారితే? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అబ్బాయి ఎంతో మర్యాదగా, "అన్నీ కవర్ అవుతాయి మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. అదే మాట మెయిల్‌లో పెట్టమన్నాను. రెండు రోజులకి వేరే వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది, శిక్షకుడు దగ్గర ఉన్నప్పుడు మాత్రమే అని. ఫోన్లో ఒకటి, రాతలో ఇంకొకటి. ఈ ఒక్క మెయిల్ మా ప్రయాణాన్నే మార్చింది. రెండు రోజుల క్లాసు బుక్ చేద్దామనుకున్నవాళ్లం, మంచు మీద ఉండే ఐదు రోజులకీ స్కీ స్కూలు బుక్ చేశాం. ఖర్చు పెరిగింది, మా ఆయన కాస్త గొణిగారు, అయినా ఒప్పుకున్నారు.

మేం వెళ్లింది ఆస్ట్రియాలో కాప్రూన్ అనే ఊరు. మ్యూనిక్ నుంచి కారులో వెళ్లాం. పైన కిట్జ్‌స్టైన్‌హార్న్ అనే కొండ, దాని మీద హిమానీనదం, కేబుల్ కారులో 3,029 మీటర్ల దాకా ఎక్కొచ్చు. మావాళ్లు నేర్చుకున్నది మాత్రం ఊళ్లోనే, చిన్నపిల్లలు నేర్చుకునే తక్కువ వాలు మీద. స్కీలు అద్దెకిచ్చే కొట్టులో బరువు, ఎత్తు, ఎంత వచ్చు అని అడుగుతారు, బరువు తగ్గించి చెప్పకండి. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత ఒత్తిడికి ఊడిపోవాలో దాన్ని బట్టే బిగిస్తారు.

మూడోరోజు మధ్యాహ్నం రెండున్నర. అమ్మాయి నీలం వాలు మీద స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, వెనకవైపు వెడల్పు చేసి ఆగడం నేర్చుకుంటోంది. వేగం అసలు లేదు, నడిచే మనిషి దాటిపోయేంత మెల్లగా వస్తోంది. ఎడమ స్కీ అంచు మెత్తటి మంచులో దిగబడింది, ఒళ్లు ముందుకి తిరిగింది, కాలు అక్కడే ఉండిపోయింది. బైండింగ్ ఊడలేదు. వేగంగా పడితే టక్కున ఊడుతుంది, ఇలా మెల్లగా మెలితిరిగి పడినప్పుడు ఒక్కోసారి ఊడదట, కొత్తగా నేర్చుకునేవాళ్లకి మోకాలి లిగమెంట్లు దెబ్బతినేది ఎక్కువగా ఇలాగేనని డాక్టరు చెప్పాడు. నేను కింద కంచె దగ్గర నిలబడి చూస్తున్నాను. "అమ్మా" అన్న ఒక్క కేక వినిపించింది. శిక్షకురాలు వెంటనే తన స్కీలు విప్పి, అమ్మాయికి పైవైపున మంచులో అడ్డంగా ఒకదానిమీద ఒకటి ఎక్స్ ఆకారంలో గుచ్చింది. పైనుంచి వచ్చేవాళ్లకి ఇక్కడ మనిషి పడి ఉందని తెలియడానికి అది గుర్తట. పది నిమిషాల్లో ఇద్దరు వచ్చి, పడవలా ఉండే మంచు బండిలో పడుకోబెట్టి, దుప్పటి చుట్టి, పట్టీలు బిగించి దింపారు. వాళ్లలో ఒకతను నా దగ్గరికొచ్చి అమ్మాయి పేరు, పడిన సమయం, వాలు నంబరు అడిగి ఒక కాగితం నింపాడు. ఆ చలిలో గ్లౌజులు తీసి మరీ రాశాడు. ఆ కాగితం విలువ నాకు నెల తర్వాత తెలిసింది.

క్లినిక్‌లో ఎక్స్‌రే తీశారు, ఎముక బాగానే ఉంది. మోకాలి లోపలి వైపు లిగమెంట్ కొంత చినిగింది, ఆపరేషను అక్కర్లేదు, బ్రేస్ వేసుకుని ఆరు వారాలు జాగ్రత్తగా ఉండాలన్నారు. అక్కణ్ణుంచే ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఇక్కడ కంపెనీకి కొంత మెచ్చుకోలు, కొంత ఫిర్యాదు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది అన్నది నిజమే, పదకొండు నిమిషాలు ఆగాక మనిషి దొరికాడు. కేసు నంబరు వెంటనే మెసేజ్‌లో వచ్చింది. తెలుగు మాట్లాడేవాళ్లు లేరు, ఇంగ్లీషు లేదా హిందీ. నాకు సరే, ఆ సమయంలో మా అత్తగారి లాంటి వాళ్లు ఒంటరిగా ఉంటే ఏం చేస్తారు? ఆసుపత్రిలో చేరితేనే క్యాష్‌లెస్ అని, ఇలా చూపించుకుని వెళ్లిపోయే చికిత్సకి ముందు మనం కట్టి తర్వాత తీసుకోవాలని చెప్పారు. మరిది కార్డు మీద కట్టాడు. మంచు బండి, డాక్టరు, ఎక్స్‌రే, బ్రేస్, చేతికర్రలు, మందులు అన్నీ కలిపి 815 యూరోలు. ప్రతి బిల్లూ, కట్టిన రసీదూ అప్పటికప్పుడు ఫొటో తీశాను. డాక్టరు రిపోర్టు జర్మన్‌లో ఇస్తుంటే ఇంగ్లీషులోనూ కావాలని అడిగి తీసుకున్నాను.

సంక్రాంతికి ముందే ఇంటికొచ్చి క్లెయిమ్ పెట్టాం. పాలసీ, పాస్‌పోర్టు పేజీలు, బోర్డింగ్ పాస్‌లు, రిపోర్టు, బిల్లులు, రసీదులు, బ్యాంకు క్యాన్సిల్డ్ చెక్కు. పన్నెండు రోజులకి ప్రశ్న వచ్చింది, నేను భయపడిందే. ప్రమాదం జరిగినప్పుడు శిక్షకుడు ఉన్నారా, రుజువేంటి? స్కీ స్కూలుకి మెయిల్ పెట్టాను, ఆరోజు క్లాసు పది నుంచి మూడు దాకా అని, ప్రమాదం క్లాసులోనే జరిగిందని మర్నాడే లెటర్ పంపారు. రెస్క్యూ కాగితంలో సమయం రెండున్నర అని ఉంది. రెండూ సరిపోయాయి. నేను కొనేముందు పెట్టిన మెయిలూ, వాళ్ల జవాబూ కూడా జతచేశాను. సరిగ్గా ముప్పై నిమిషాలు గడిచాక, మూడు దాటాక బాబాయితో జారుతూ పడి ఉంటే ఒక్క రూపాయి వచ్చేది కాదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. నీలం వాలు మీద మెల్లగా జారే మనిషికి శిక్షకుడు పక్కన లేకపోతే కవర్ లేదనడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఒకటిన్నర మార్కులు తగ్గించింది ఎక్కువగా దీనికే.

ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా ముందే చూసి పెట్టుకున్నాను. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాసి నెల ఆగాలి, జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. మనకి హైదరాబాద్ ఆఫీసు, ఆంధ్ర, తెలంగాణతో పాటు మన పక్కనున్న యానాం కూడా దాని కిందకే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు, ఫోన్ నంబరు 155255. మాకు ఆ అవసరం రాలేదు. ముప్పై ఏడో రోజున అకౌంట్లో డబ్బు పడింది. మొదటి 100 డాలర్లు మనమే భరించాలన్న షరతు ప్రకారం అది తీసేసి, రూపాయల్లో 70 వేల పైచిలుకు ఇచ్చారు. మంచు బండి ఖర్చు పూర్తిగా ఇచ్చారు, దానికి నిజంగా సంతోషించాను. వాడుకోని రెండు రోజుల స్కీ పాస్, క్లాసు ఫీజు మాత్రం రాలేదు. వాటికి వేరే కవర్ ఉంటుందట, మేం తీసుకోలేదు.

ఎవరికి పనికొస్తుందంటే, మాలాగా మొదటిసారి వెళ్లి, స్కూల్లోనే నేర్చుకుని, క్లాసు అవగానే స్కీలు విప్పేసే కుటుంబాలకి నిక్షేపంగా తీసుకోవచ్చు. సొంతంగా జారగలిగిన వాళ్లకి ఇది వద్దు, శిక్షకుడి షరతు లేనిది వెతుక్కోండి. కువైట్‌లో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి స్నేహితులతో జార్జియాలో గుడౌరి వెళ్తూ, "అక్కా, నువ్వు కొన్నదే నాకూ కొనిపెట్టు" అన్నాడు. మన దేశంలో అమ్మే ఈ పాలసీలు ఇక్కణ్ణుంచి బయల్దేరేముందు కొనాలి, గల్ఫ్‌లో ఉండేవాళ్లు అక్కడే కొనుక్కోవాలి. వాడికీ అదే చెప్పాను, పత్రం తెప్పించుకుని స్కీయింగ్ అన్న మాట ఎక్కడుందో నాకు ఫొటో తీసి పంపమన్నాను.

అమ్మాయి బ్రేస్ తీసేసింది, మెట్లు మామూలుగానే ఎక్కుతోంది. వచ్చే డిసెంబరుకి మళ్లీ వెళ్దాం అంటోంది. శిక్షకుడు లేకుండా నీలం వాలు మీద జారడానికి కూడా కవర్ కావాలంటే అదనంగా ఎంత కట్టాలని ఈ కంపెనీకే మెయిల్ పెట్టాను. రాతలో జవాబు వచ్చాక ఈ రివ్యూలోనే చేరుస్తాను.